అమలాపురంలో స్కూటర్ బ్యాటరీ మళ్లీ కట్టించాను: నాలుగు నెలలు వాడాక నా మాట

మొన్న జూన్‌లో, బడులు తెరిచిన రెండో వారం, సాయంత్రం నాలుగున్నరకి నా ఎలక్ట్రిక్ స్కూటర్ గన్నవరం అక్విడక్ట్ మీద ఆగిపోయింది. పొద్దున్న ఇంటి దగ్గర మీటరు నిండుగా చూపించింది. బడికి వెళ్లి రావడం మొత్తం 34 కిలోమీటర్లు, అంతే. బండి కొని రెండేళ్ల ఎనిమిది నెలలు. పక్కన కాలువ, కింద వైనతేయ, భుజాన పుస్తకాల సంచి. అక్విడక్ట్ దాటి టీ కొట్టు దాకా తోసుకెళ్లేసరికి చీర చెమటతో తడిసిపోయింది. అక్కడ ఒక ఆటో ఆయన దయతలచి బండిని వెనకాల ఎక్కించుకుని అంబాజీపేట దాకా దింపారు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. అమలాపురంలో ఒక చిన్న షాపులో ఈ బండికి బ్యాటరీ మళ్లీ కట్టించుకున్నాను. కోనసీమలో ఎలక్ట్రిక్ బళ్లు వాడేవాళ్లు చాలామంది ఇదే అవస్థలో ఉన్నారు. కాబట్టి ఏం చేయించానో, ఎంతయిందో, ఏది బాగుందో, ఏది బాగాలేదో వివరంగా రాస్తున్నాను.

ముందు బండి కొన్న షోరూమ్‌కే వెళ్లాను. పేరు రాయను. వారంటీ అయిపోయింది, కొత్త ప్యాక్ 38,000 అన్నారు. డబ్బు సంగతి తర్వాత, లోపల ఏ రకం సెల్స్ వేస్తారని అడిగాను. "లిథియం మేడమ్" అన్నారు. లిథియంలో ఏ రకమని మళ్లీ అడిగాను. "లిథియం అంటే లిథియమే మేడమ్, ఒరిజినల్." అక్కడి నుంచి లేచి వచ్చేశాను. మన దగ్గర ధాన్యం కొనే వ్యాపారి కళ్లం దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఏ రకమనే కదా. స్వర్ణకి ఒక ధర, సాంబ మసూరికి ఒక ధర. 38,000 పెట్టే వస్తువు రకమేమిటో అమ్మేవాళ్లకే తెలియకపోతే మనం ఏం చూసి కొనాలి?

నాకు ఈ పట్టింపు ఎందుకో కూడా చెప్పాలి. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు నా ప్రాజెక్టు బ్యాటరీ ఎలక్ట్రోడ్ పొడి మీదే. లిథియం మాంగనీస్ ఆక్సైడ్. లిథియం, మాంగనీస్ లవణాలు నీళ్లలో కరిగించి, సిట్రిక్ ఆమ్లం వేసి, హాట్ ప్లేట్ మీద గంటల తరబడి తిప్పితే పాకం ముదిరినట్టు జిగురుగా అవుతుంది. దాన్ని ఆరబెట్టి, ఫర్నేస్‌లో 750 డిగ్రీల దగ్గర కాలిస్తే నల్లటి పొడి వస్తుంది. అగేట్ కల్వంలో నూరి నూరి నా మణికట్టు వాచేది. ఎక్స్‌రే పరీక్షలో గీతలు సరిగ్గా ఉండాల్సిన చోటే వచ్చిన రోజు హాస్టల్లో అందరికీ స్వీట్లు పంచాను. కానీ ఆ పొడితో బ్యాటరీ చేసి చూడలేకపోయాను. లిథియంకి తడి తగలకూడదు. ఆర్గాన్ వాయువు నింపిన గ్లవ్ బాక్స్ ఉండాలి. మాకు అది లేదు. పొడి సీసాలోనే ఉండిపోయింది, నేను బీఈడీ చేసి టీచరయ్యాను. ఆ వెలితి ఇన్నేళ్లూ మనసులో ఉంది.

షాపు అమలాపురంలో నల్ల వంతెన దాటాక ఒక సందులో ఉంది. మోటార్ల వైండింగ్ షాపు అని అడగండి, చూపిస్తారు. తండ్రి ముప్పై ఏళ్లుగా మోటార్లు చుడుతూ, ట్రాక్టర్ బ్యాటరీలకి చార్జింగ్ పెడుతూ ఉన్నారు. కొడుకు డిప్లొమా చదివి, నాలుగేళ్ల నుంచి లిథియం ప్యాకులు కడుతున్నాడు. లోపలికి వెళ్లగానే నేను అడగకముందే ఆ అబ్బాయే అడిగాడు: "మీ పాత ప్యాక్ ఎన్‌ఎంసీనా, ఎల్‌ఎఫ్‌పీనా మేడమ్ గారండి?" లిథియంలో రకాల పేర్లే అవి. నాకు ప్రాణం లేచి వచ్చింది.

తెలియదన్నాను. "ఆయ్, విప్పి చూద్దామండి" అన్నాడు.

విప్పడం నా ఎదురుగానే జరిగింది. రేకు పెట్టె మూత తీసేసరికి మూలల్లో తుప్పు. సముద్రపు గాలి కదా, మన దగ్గర గేటు గొళ్లేనికే తుప్పు ఆగదు. లోపల పెన్‌టార్చి సెల్స్ కన్నా కాస్త లావుగా, వరసలు వరసలుగా సెల్స్, వాటిమీద నికెల్ స్ట్రిప్ స్పాట్ వెల్డింగ్. పెట్టె మీద 60 వోల్టులు, 30 ఏహెచ్ అని స్టిక్కర్ ఉంది. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందన్న కొలత. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. 16 వరుసలు, వరుసకి 10 సెల్స్. ఒక్కో సెల్ మీద 2500 ఎంఏహెచ్ అని ఉంది, రెండున్నర ఏహెచ్. అంటే వరుసకి 25 ఏహెచ్. 30కి డబ్బు కట్టి రెండేళ్ల ఎనిమిది నెలలు 25 మీద తిరిగానన్నమాట. కొన్నప్పుడు 80 కిలోమీటర్లు వస్తుందన్నారు, ఎప్పుడూ 58 దాటలేదు. తప్పు నా నడపడంలో ఉందేమో అనుకునేదాన్ని. తర్వాత మీటరు పెట్టి ఒక్కో వరుసా చూశాడు. అన్నీ మూడున్నర వోల్టుల పైనే ఉన్నాయి, తొమ్మిదో వరుస 1.2. ఆ ఒక్క వరుస చచ్చిపోవడంతో బీఎంఎస్ మొత్తం ప్యాక్‌ని ఆపేస్తోంది. బీఎంఎస్ అంటే సెల్స్‌ని కాపలా కాసే సర్క్యూట్.

ఆ వరుస ఒక్కటే మార్చమంటే నాలుగు వేలలో అయిపోతుంది. ఆ మాట ఆ అబ్బాయే చెప్పి, వద్దని కూడా తనే చెప్పాడు. పాత సెల్స్ మధ్య కొత్తవి పెడితే ఆరు నెలల్లో ఇంకో వరుస పోతుందన్నాడు. నిజమే. బేరం వదులుకుని నిజం చెప్పినవాడి దగ్గర ధైర్యంగా పని చేయించుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. నా పాత ప్యాక్ ఎన్‌ఎంసీది. ఎన్‌ఎంసీ అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిపిన ఆక్సైడ్ పొడి. ఎల్‌ఎఫ్‌పీ అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పొడి. రెండింట్లోనూ నెగటివ్ ఎలక్ట్రోడ్ గ్రాఫైటే, లోపలి ద్రావణమూ దాదాపు అదే. తేడా అంతా పాజిటివ్ ఎలక్ట్రోడ్ మీద పూసిన ఆ పొడిలో ఉంది. కుర్రాడు ఒక చచ్చిపోయిన ఎల్‌ఎఫ్‌పీ సెల్‌ని పూర్తిగా డిశ్చార్జి చేసి, కోసి, ఆరబెట్టి సీసాలో దాచాడు. నా చేతిలో పెట్టాడు. (ఇంట్లో ఎవరూ ఈ పని చేయకండి. అంటుకుంటుంది, లోపలి ద్రావణం ఒంటికి మంచిది కాదు.) ఆత్రేయపురం పూతరేకు మడత విప్పినట్టే ఉంది. ఒక రేకు రాగి, దానిమీద నల్లటి గ్రాఫైట్ పూత. ఒక రేకు అల్యూమినియం, దానిమీద మసి రంగు పూత. మధ్యలో తెల్లటి పల్చటి పొర. అల్యూమినియం రేకు అంచు గోటితో గీకితే పొడి వేలికి అంటింది. నేను కల్వంలో నూరినలాంటి పొడే. కాకపోతే ఇది పనిచేసిన పొడి. ఎవరో స్కూటర్‌ని ఎన్నో వేల కిలోమీటర్లు నడిపిన పొడి. కాసేపు నాకు మాట రాలేదు.

ఈ పొడుల వెనక పెద్ద కథ ఉంది. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో శాస్త్రవేత్త జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పొడి బ్యాటరీకి పనికొస్తుందని కనిపెట్టింది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చిన మొదటి లిథియం అయాన్ బ్యాటరీలో ఉన్నది అదే. కోబాల్ట్ ఖరీదు, ప్రపంచంలో ఎక్కువ భాగం ఒక్క కాంగో నుంచే వస్తుంది. 1980ల మొదట్లో గుడినఫ్‌తో కలిసి మైకేల్ థాకరే మాంగనీస్ పొడి సంగతి తేల్చారు. అదే నా ప్రాజెక్టు పొడి. చవకైంది, కానీ వేడికి మాంగనీస్ మెల్లగా ద్రావణంలోకి కరిగిపోతుంది. 1997లో టెక్సస్‌లో గుడినఫ్ దగ్గర పనిచేస్తున్న పాఢీ, నంజుండస్వామి ఐరన్ ఫాస్ఫేట్ మీద పరిశోధనా పత్రం ఇచ్చారు. ఈ రెండు పేర్లూ మా తొమ్మిదో తరగతి పిల్లల చేత నోట్సులో రాయించాను. గుడినఫ్‌కి నోబెల్ 2019లో, 97 ఏళ్ల వయసులో, విటింగ్‌హామ్, యోషినోలతో కలిపి వచ్చింది.

ఐరన్ ఫాస్ఫేట్‌తో మొదట్లో పెద్ద చిక్కు. ఆ పొడిలో కరెంటు సరిగా పారదు. లిథియం కూడా ఒకే దిశలో ఉన్న సన్నటి సందుల్లోంచి పోవాలి. కుర్రాడి సీసాలో కనిపించిన మసి రంగు దానిది కాదు, కార్బన్‌ది. రేణువుల్ని బాగా చిన్నవి చేసి, ఒక్కోదానికి పల్చటి కార్బన్ తొడుగు వేస్తే గానీ దారికి రాలేదు. ఆ తొడుగు పనిలో మాంట్రియల్‌లో మిషెల్ అర్మాండ్ బృందం ముందుంది. కొత్త ఎలక్ట్రోడ్ పదార్థం అంటే కొత్త మూలకం వెతకడమే అనుకుంటారు చాలామంది. ఉన్న పొడినే ఎంత మెత్తగా నూరాలి, దేనితో పూత పూయాలి, ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు కాల్చాలి అన్నది తేల్చడానికే ఏళ్లు పడతాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో మనవాళ్లు ఈ పొడి మీద పనిచేశారు. తమిళనాడు కారైక్కుడిలోని సెక్రీలో (కేంద్ర ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ) అయితే దశాబ్దాలుగా బ్యాటరీల పనే.

ఇంట్లో వాడుకునే మనకి ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్‌ని ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. బాగా వేడెక్కినా అంత తేలిగ్గా వదలదు. నికెల్, కోబాల్ట్ ఆక్సైడ్లు మితిమీరి వేడెక్కితే ఆక్సిజన్ వదులుతాయి. మండే ద్రావణం పక్కనే ఆక్సిజన్ పుడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. 2022 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇళ్లలో బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అప్పటి నుంచి మా అత్తయ్య గారు బండిని వసారాలో చార్జింగ్ పెట్టనివ్వరు. వానలో కూడా గొడుగు కింద, కొబ్బరి చెట్టు దగ్గరే. ఆవిడ భయంలో న్యాయం ఉంది. ఎల్‌ఎఫ్‌పీ అసలు కాలదని నేను అనను, లోపలి ద్రావణం మండేదే. కానీ రెండింట్లో ఏది నా ఇంట్లో ఉండాలంటే ఎల్‌ఎఫ్‌పీ అంటాను.

సరే, కట్టడం. ఎల్‌ఎఫ్‌పీ సెల్ ఒకటి 3.2 వోల్టులు, ఎన్‌ఎంసీ 3.7 దాకా. కాబట్టి 60 వోల్టులు రావాలంటే 16 వరుసలు చాలవు, 19 కావాలి. 15 ఏహెచ్ పెద్ద సెల్స్, వరుసకి రెండు, మొత్తం 38. బిగించే ముందు ప్రతి సెల్‌కీ వోల్టేజీ, ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూసి మార్కర్‌తో దానిమీదే రాశాడు. మూడు సెల్స్ తేడాగా ఉన్నాయని పక్కన పెట్టాడు. వీటికి వెల్డింగ్ లేదు, బోల్టులే. తుప్పు సంగతి నేను గట్టిగా చెబితే రేకు పెట్టె లోపలా బయటా పెయింటు వేయించి, మూతకి రబ్బరు వాషరు పెట్టాడు. సెల్స్‌కీ రేకుకీ మధ్య బార్లీ పేపరు, అంటే కరెంటు రేకుకి తగలకుండా అడ్డుపెట్టే కాగితం. కొడుకు బోల్టులు బిగించాక తండ్రి వచ్చి ప్రతిదీ మళ్లీ తన చేత్తో తిప్పి చూసుకున్నారు. "వదులు బోల్టే నిప్పండి అమ్మా" అన్నారు. ఆ బాబాయ్ గారి మాట అక్షరాలా నిజం.

అన్నీ అయ్యాక డిశ్చార్జి పరీక్ష చేసి చూపించమన్నాను. ఏ మాత్రం విసుక్కోకుండా 5 ఆంపియర్ల లోడ్ పెట్టాడు. దాదాపు ఆరు గంటలు. నేను మధ్యలో బజారు పని చూసుకుని వచ్చేసరికి మీటరు మీద 29.4 ఏహెచ్. చెప్పింది 30, వచ్చింది 29.4. నాకు చాలు.

ఖర్చు: ప్యాక్, బీఎంఎస్ కలిపి 29,500. కొత్త చార్జర్ 2,800. పాత ప్యాక్‌లో మంచి సెల్స్‌కి 2,000 తగ్గించాడు, వాటితో ఎమర్జెన్సీ లైట్లు కడతాడట. మూడు రోజులు అన్నాడు, అయిదు రోజులు పట్టింది. రెండేళ్ల వారంటీ బిల్లు మీద రాసి సంతకం చేసి ఇచ్చాడు.

చార్జర్ దగ్గర జాగ్రత్త. కొత్తది 69.35 వోల్టులది, పాతది 67.2. పాత చార్జర్ కొత్త ప్యాక్‌కి పెడితే పెద్ద ప్రమాదం లేదు, పూర్తిగా నిండదంతే. కొత్త చార్జర్ మాత్రం పొరపాటున కూడా ఎన్‌ఎంసీ ప్యాక్‌కి పెట్టకూడదు. ఒక్కో సెల్ 4.3 దాటుతుంది, దాని హద్దు 4.2. మా తోటికోడలి బండికి పాతరకం ప్యాక్. అందుకని నా చార్జర్ మీద ఎర్ర టేపు చుట్టి "ఎల్‌ఎఫ్‌పీకి మాత్రమే" అని రాసి, వేరే మేకుకి తగిలిస్తున్నాను.

నాలుగు నెలల్లో 2,700 కిలోమీటర్లు తిరిగాను. ఒక్క చార్జింగ్‌కి 70, 72 వస్తోంది. సెప్టెంబరు ఉక్కలో కూడా బడి నుంచి వచ్చాక పెట్టె ముట్టుకుంటే గోరువెచ్చగా ఉందంతే. మునుపు చెయ్యి పెట్టలేకపోయేవాళ్లం. సెల్ కాగితం మీద 2000 చార్జింగుల తర్వాత 80 శాతం మిగులుతుందని ఉంది. నేను రోజు విడిచి రోజు పెడతాను. ఆ లెక్క నిజమైతే బ్యాటరీ కన్నా ముందు బండే పోవాలి.

బాగాలేనివి కూడా చెప్పాలి. ప్యాక్ నాలుగు కిలోలు బరువెక్కింది. సీటు కింద ఇదివరకు హెల్మెట్ పట్టేది, ఇప్పుడు క్యారియర్ గిన్నె ఒక్కటే పడుతుంది. షోరూమ్ ప్యాక్ కాదు కాబట్టి బండి కంపెనీ ఇక దేనికీ పూచీ పడదు. ఈ లెక్క వేసుకునే దిగాలి.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది మీటరు. ఎల్‌ఎఫ్‌పీ గుణమేమిటంటే, 90 శాతం నుంచి 20 శాతం దాకా వోల్టేజీ దాదాపు కదలదు. నా ప్యాక్‌లో 62.7 నుంచి ఏ 61 దాకానో దిగుతుంది, అంతే. బండి మీటరు వోల్టేజీ చూసి గీతలు చూపించేది, పాత ప్యాక్‌కి సరిపెట్టింది. ఆగస్టులో రావులపాలెం పెళ్లికి వెళ్లి వస్తూ 58 కిలోమీటర్ల దగ్గర చూస్తే అయిదులో మూడు గీతలు. ఇంకా సగం ఉందనుకున్నాను. అయిదు కిలోమీటర్లు పోయేసరికి ఒక్క గీత, అదీ మిణుకుమిణుకుమంటోంది. పట్టుచీరలో, చీకటి పడే వేళ, మళ్లీ అక్విడక్ట్ సీనేనని కాళ్లు వణికాయి. కొత్తపేటలో మా పిన్ని ఇల్లు ఉండబట్టి సరిపోయింది. గంటన్నర చార్జింగ్ పెట్టుకుని బయటపడ్డాను. ఈ మాట కట్టేటప్పుడే చెప్పి ఉండాల్సింది. వెళ్లి అదే అడిగితే తప్పు ఒప్పుకున్నాడు. లోపలికి వెళ్లిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు లెక్కగట్టే చిన్న మీటరు 1,100కి బిగించాడు, కూలి తీసుకోలేదు. ఇప్పుడు హ్యాండిల్ మీద మిగిలిన ఏహెచ్ అంకెల్లో కనిపిస్తోంది. మీరు కట్టించుకుంటే మొదటి రోజే ఈ మీటరు వేయించుకోండి.

ఆ రోజు మీటరు బిగిస్తుంటే బయట లారీలోకి కొబ్బరి చిప్పలు ఎత్తుతున్నారు. అంబాజీపేట మార్కెట్ చుట్టుపక్కల మేం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే, పొయ్యిలోకి, బొగ్గుకి పోయేవి. ఆ చిప్పల్ని గాలి తగలకుండా బాగా ఎక్కువ వేడి మీద కాలిస్తే హార్డ్ కార్బన్ వస్తుందని, సోడియం బ్యాటరీలకి నెగటివ్ ఎలక్ట్రోడ్‌గా అది పనికొస్తుందని కుర్రాడికి చెప్పాను. సోడియం గ్రాఫైట్ పొరల్లోకి సరిగా దూరదు, దానికి ఇలాంటి గజిబిజి కార్బన్ కావాలి. మన రైస్ మిల్లుల ఊకలో సిలికా ఉంటుంది. దాన్నుంచి సిలికాన్ తీసి లిథియం బ్యాటరీలో పెట్టవచ్చని 2013లో స్టాన్‌ఫర్డ్‌లో యీ చుయ్ బృందం చూపించింది. సిలికాన్ గ్రాఫైట్ కన్నా ఎన్నో రెట్లు లిథియం పట్టుకుంటుంది. కానీ పట్టుకున్నప్పుడు మూడింతలకు పైగా ఉబ్బి పగిలిపోతుంది, అదే దాని చిక్కు. ఊకలో సిలికా అతి సన్నటి నిర్మాణంలో ఉంటుంది కాబట్టి, ఆ రూపం చెడకుండా తీస్తే ఉబ్బడాన్ని తట్టుకుంటుంది.

కుర్రాడు స్క్రూడ్రైవరు పక్కన పెట్టి విన్నాడు. "చిప్పలు మన దగ్గరే ఉన్నాయి కదండి, ఎన్ని డిగ్రీలండి?" అన్నాడు. వెయ్యికి పైనే అన్నాను. వాళ్ల నాన్నగారు కొలిమి వేడి ఎంత ఉంటుందో చేతులతో చూపించడం మొదలుపెట్టారు. కొలిమి చాలదు బాబాయ్ గారూ, గాలి లేకుండా చేయాలి అన్నాను. టీ తెప్పించారు. ఇంటికి బయలుదేరేసరికి ఏడున్నర.

షాపు ఆదివారం మధ్యాహ్నం దాకానే. ఫోన్ చేస్తే ఒక్కోసారి ఎత్తరు, వెళ్లడమే మేలు. బిల్లు అడిగి తీసుకోండి. నా బిల్లు మీద "ఎల్‌ఎఫ్‌పీ, 19 వరుసలు, 38 సెల్స్, పరీక్షలో 29.4 ఏహెచ్" అని రాయించుకున్నాను. దాన్ని లామినేషన్ చేయించి సీటు కిందే పెట్టాను. అత్తయ్య గారు మొన్న వానకి బండిని తనంతట తనే వసారాలోకి తోయించారు.